నాన్నకి లివర్‌లో మళ్లీ గడ్డ వచ్చింది, ఈసారి కోసి చేయించాలా, కీహోల్ చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది ఖమ్మం జిల్లా. నాన్నకి 57 ఏళ్లు, మిర్చి వేస్తారు. హెపటైటిస్ బీ ఉంది. 2022లో లివర్ కుడి వైపు ఆరో సెగ్మెంట్‌లో, అంటే ఆరో భాగంలో, 4 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉందని కడుపు కోసి తీసేశారు. అప్పట్నుంచి బాగానే ఉన్నారు, బాగున్నా కదా అని ఏడాది కింద హెపటైటిస్ మాత్ర కూడా ఆపేశారు. మూడేళ్లు దాటాక ఇప్పుడు స్కానింగ్‌లో ఎడమ వైపు మూడో సెగ్మెంట్‌లో, లివర్ అంచు దగ్గర, జీర్ణాశయానికి ఆనుకుని 2.4 సెంటీమీటర్ల కొత్త గడ్డ కనిపించింది. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్ష) 86, బిలిరుబిన్ 0.9, ఆల్బుమిన్ 3.8, ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు, కడుపులో నీరు లేదు. ఒక సర్జన్ ల్యాప్రోస్కోపీలో, అంటే కీహోల్‌లో, చేసేద్దాం అన్నారు. ఇంకో సర్జన్, పాత ఆపరేషన్ వల్ల లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది, ఓపెన్ చేస్తేనే మంచిది అన్నారు. డల్లాస్‌లో ఉండే తమ్ముడు, ఆయనది పాతకాలం పద్ధతి, రోబోతో చేయిద్దాం అంటున్నాడు. మా మేనత్తేమో రెండోసారి కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది, నాటు మందు వాడదాం అని ఏడుస్తోంది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. జనవరిలో మిర్చి కోతకి వస్తుంది, అప్పటికి లేచి తిరుగుతానా అని నాన్న అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది ఆపరేషన్ గురించి. కానీ ఉత్తరం మధ్యలో ఊరికే రాసేసి వెళ్లిపోయిన మాట ఒకటుంది, నాకు ముందు అదే గుచ్చుకుంది. ఏడాది నుంచి హెపటైటిస్ మాత్ర వేసుకోవట్లేదు అన్నారు. కోయాలా, రంధ్రాలు పెట్టాలా అనేది తర్వాత చూద్దాం, ముందు రేపో ఎల్లుండో, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే హెపటైటిస్ బీ డీఎన్ఏ టెస్ట్ చేయించండి, లివర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆయన చూసి మాత్ర మళ్లీ మొదలుపెడతారు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఈ వైరస్ లివర్ కణాల లోపలే కాపురం పెడుతుంది, గడ్డని కోసి తీసేసినా మిగిలిన లివర్‌లో అది అలాగే ఉంటుంది, ఏళ్ల తరబడి ఆ వాపు, ఆ మచ్చలు పడటం నడుస్తూనే ఉంటుంది, అందులోంచే కొత్త గడ్డలు పుడతాయి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు వైరస్‌ని పూర్తిగా చంపవు, అణిచి ఉంచుతాయి, అంతే, కానీ ఆ అణచడం వల్లే ఆపరేషన్ అయినవాళ్లలో క్యాన్సర్ తిరిగి రావడం తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఇంకో భయం ఏంటంటే మాత్ర ఆపేసినవాళ్లలో వైరస్ ఒక్కోసారి ఉన్నట్టుండి ఎగదన్నుతుంది, కామెర్లు వస్తాయి, అలాంటి టైమ్‌లో ఆపరేషన్ పడితే మిగిలిన లివర్ తట్టుకోలేక చేతులెత్తేయొచ్చు. సర్జన్ ఎంత గొప్పవాడైనా, రంధ్రాలు ఎంత చిన్నవైనా అప్పుడు ఉపయోగం ఉండదు. మీ నాన్నగారిని మాత్రం తిట్టకండి. నొప్పి లేదు, నీరసం లేదు, పొలం పని చేసుకుంటున్నారు, ఇంక రోజూ మాత్ర ఎందుకు అని చాలామంది అలాగే ఆపేస్తారు, ఎందుకు ఆపకూడదో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. డబ్బు గురించి ఆపి ఉంటే అదీ తెలుసుకోండి, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు, మీకు దగ్గర్లో ఏ సెంటర్‌లో ఇస్తున్నారో జిల్లా ఆసుపత్రిలో అడగండి.

సరే, ఇప్పుడు గడ్డ సంగతి.

లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మళ్లీ రావడం అరుదేం కాదు, అయిదేళ్లలో వందలో యాభై నుంచి డెబ్బై మందికి వస్తుంది. దాంట్లో రెండు రకాలుంటాయి. మొదటి రెండేళ్లలోపు వస్తే అది చాలావరకు పాత గడ్డ నుంచే కంటికి కనపడకుండా పక్కకి జారిన కణాల పని, అది కాస్త మొండి రకం. రెండేళ్లు దాటాక, అదీ పాత చోటుకి దూరంగా, ఒక్కటే వచ్చిందంటే వైరస్ వల్ల దెబ్బతిన్న లివర్‌లో కొత్తగా పుట్టిన గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. మీ నాన్నగారిది మూడేళ్ల తర్వాత, కుడి వైపు కాకుండా ఎడమ వైపు వచ్చింది. అంటే ఇది దాదాపు కొత్త జబ్బు కింద లెక్క, నయం చేసే ఉద్దేశంతోనే ట్రీట్‌మెంట్ ఇవ్వచ్చు. మళ్లీ వచ్చింది కాబట్టి ఇంక అయిపోయింది అని ఇంట్లో ఎవరైనా అనుకుంటుంటే ఆ మాట ముందు మనసులోంచి తీసేయమనండి.

అయితే ఒక్కటే గడ్డ అన్నది మాత్రం గట్టిగా ఖాయం చేసుకోవాలి. మామూలు అల్ట్రాసౌండ్ మీద ఆధారపడకూడదు, మూడు దశల్లో తీసే కాంట్రాస్ట్ సీటీ గానీ లివర్ ఎంఆర్ఐ గానీ కావాలి, ఛాతీ సీటీ కూడా. మందు ఎక్కించగానే గడ్డ మెరిసి, తర్వాత చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడితే, హెపటైటిస్ బీ ఉన్న మనిషిలో అది లివర్ క్యాన్సరే అని చాలాసార్లు సూది పరీక్ష లేకుండానే చెప్పేస్తారు, కాబట్టి బయాప్సీ చేయలేదేంటి అని కంగారు పడకండి. ఎండోస్కోపీ అయిందో లేదో మీరు రాయలేదు, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయా అన్నది ఆపరేషన్‌కి ముందే తెలియాలి, ఎందుకంటే లివర్‌లోకి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ప్రెజర్ ఎంత ఉందో దాన్నిబట్టే ఒక అంచనాకి వస్తారు. ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉండటం, బిలిరుబిన్, ఆల్బుమిన్ బాగుండటం, నీరు లేకపోవడం, ఇవన్నీ మంచి గుర్తులే.

తర్వాత ప్రశ్న, అసలు ఆపరేషనే కావాలా అని. ఇది మీ ఇద్దరు సర్జన్లలో ఎవరూ మీతో మాట్లాడినట్టు లేదు, సర్జన్లు కదా, వాళ్ల కళ్లకి ముందు ఆపరేషనే కనిపిస్తుంది, నేనూ సర్జన్‌నే కాబట్టి చెప్తున్నా. రెండున్నర సెంటీమీటర్ల గడ్డని సూదితో కాల్చేయొచ్చు, రేడియో ఫ్రీక్వెన్సీ అనో మైక్రోవేవ్ అనో చెప్తారు, చర్మం మీంచి స్కానింగ్‌లో చూసుకుంటూ సూది దించి గడ్డని వేడితో మాడ్చేస్తారు. మళ్లీ వచ్చిన చిన్న లివర్ క్యాన్సర్లలో ఆపరేషన్ మేలా, సూదితో కాల్చడం మేలా అని షాంఘైలో 240 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి, అయిదేళ్లకి బతికున్నవాళ్లు ఆపరేషన్ వైపు 43.6 శాతం, కాల్చిన వైపు 38.5 శాతం, ఆ తేడా గట్టిగా నిలబడేంత పెద్దది కాదని తేల్చారు, కాంప్లికేషన్లు మాత్రం ఆపరేషన్ వైపే ఎక్కువ. గడ్డ 3 సెంటీమీటర్లు దాటినా, ఏఎఫ్‌పీ 200 దాటినా ఆపరేషన్‌కి మొగ్గు కనిపించింది. ఈ లెక్కన మీ నాన్నగారి గడ్డ కాల్చడానికి సరిపోయే సైజే. కానీ అది ఉన్న చోటు ఇబ్బంది. లివర్ అంచున, జీర్ణాశయానికి ఆనుకుని ఉంది, అక్కడ వేడి పెడితే జీర్ణాశయం గోడ కాలి చిల్లు పడే ప్రమాదం ఉంది, పైపైన ఉన్న గడ్డని పూర్తిగా కాల్చడం కూడా కష్టం. అదే అంచున ఉన్న గడ్డ సర్జన్‌కి మాత్రం సులువు. అందుకే నా మొగ్గు కూడా ఆపరేషన్ వైపే, అయినా ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ ఒకరు ఆ స్కాన్ చూసి తన మాట చెప్పాలి, మంచి ఆసుపత్రుల్లో సర్జన్, లివర్ డాక్టర్, రేడియాలజిస్ట్, క్యాన్సర్ డాక్టర్ కలిసి కూర్చుని మాట్లాడుకునే ట్యూమర్ బోర్డు అని ఉంటుంది, మా నాన్నగారి కేసు అందులో పెట్టండి అని అడగడం మీ హక్కు.

లివర్ మార్పిడి గురించి కూడా ఒక మాట. ఒక్కటే గడ్డ 5 సెంటీమీటర్లలోపు, లేదా మూడు గడ్డలు ఒక్కోటి 3 లోపు ఉంటే మార్పిడికి పనికొస్తారని 1996లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు, మీ నాన్నగారు దాంట్లోకి వస్తారు. మార్పిడి చేస్తే గడ్డతో పాటు పాడైన లివర్ కూడా పోతుంది, నిజమే. కానీ ఇప్పుడున్న లివర్ బాగా పనిచేస్తోంది, మార్పిడి అంటే దాత కావాలి, బోలెడు ఖర్చు, జీవితాంతం మందులు. ఈ దశలో చిన్న ఆపరేషన్‌తో పోయేదానికి అంత దూరం వెళ్లాల్సిన పని లేదనే ఎక్కువమంది అంటారు, కానీ మూడోసారి వస్తే అప్పుడు ఆ దారి తెరిచి ఉండాలి. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ దీనితో పని ఉంది.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తా.

మీ రెండో సర్జన్ అతుక్కుపోవడం గురించి చెప్పింది అబద్ధం కాదు. ఒకసారి కడుపు కోశాక లోపల పేగులు, కొవ్వు తెర, లివర్ కోసిన చోటు అన్నీ వానకి తడిసి ఎండిన పుస్తకం పేజీల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటిని విడదీసేటప్పుడే పేగుకి చిల్లు పడే ప్రమాదం, రక్తం పోయే ప్రమాదం, రెండోసారి ఆపరేషన్‌లో అసలు కష్టమంతా అక్కడే. పైగా లివర్ కోసేటప్పుడు రక్తం ఆగడానికి లివర్‌లోకి వెళ్లే నాళాల కట్టని కాసేపు బిగించి పట్టుకుంటారు, పదిహేను నిమిషాలు బిగించి అయిదు నిమిషాలు వదిలి, మళ్లీ అలా, 1908లో ప్రింగిల్ అనే సర్జన్ చెప్పిన ఉపాయం అది, పాత ఆపరేషన్ వల్ల ఆ కట్ట చుట్టూ కూడా అతుక్కుపోయి ఉంటే దాన్ని పట్టుకోవడమే కష్టం. ఓపెన్‌లో అయితే చెయ్యి పెట్టి తడిమి చూడొచ్చు, రక్తం ఒక్కసారిగా వస్తే చేత్తో అదిమి పట్టుకోవచ్చు. గడ్డ లివర్ వెనక పై భాగంలో, ఏడో ఎనిమిదో సెగ్మెంట్‌లోనో, మొదటి సెగ్మెంట్‌లోనో ఉన్నా, పెద్ద సిరలకి ఆనుకుని ఉన్నా, మూడు నాలుగు చోట్ల ఉన్నా, పైత్యరసం గొట్టాన్ని మళ్లీ కుట్టాల్సి వచ్చినా నేను కూడా ఓపెనే అంటాను, వెనకాడకుండా. కాబట్టి తమ్ముడితో చెప్పండి, ఆయన్ని పాతకాలం డాక్టర్ అనడం న్యాయం కాదు, తనకి చేతకానిది చేస్తా అని పేషెంట్ మీద ప్రయోగం చేయని డాక్టర్ మంచి డాక్టరే.

కానీ అతుక్కోవడం అనేది అంతటా ఒకేలా ఉండదు. మీ నాన్నగారికి మొదటి ఆపరేషన్ కుడి వైపు చివర జరిగింది, అతుకులన్నీ ఎక్కువగా ఆ కుడి పక్కన, కోత గీత కింద ఉంటాయి. ఇప్పుడు గడ్డ ఎడమ వైపు ముందు అంచున ఉంది. కీహోల్‌లో మొదటి రంధ్రం పాత మచ్చకి దూరంగా, కళ్లతో చూసుకుంటూ పెడతారు, కడుపులోకి గ్యాస్ ఎక్కించగానే పొట్ట గోడ పైకి లేస్తుంది, అతుకులు సాగి కనపడతాయి, కెమెరాలో అన్నీ పెద్దగా తెలుస్తాయి, ఇక్కడ ముఖ్యం ఏంటంటే అన్నీ విడదీయక్కర్లేదు, గడ్డ దాకా వెళ్లే దారి వరకు విడదీస్తే చాలు, కుడి వైపు ఉన్నవాటి జోలికే పోనక్కర్లేదు. ఓపెన్‌లో పాత కోత మీదే మళ్లీ కోస్తారు కాబట్టి ఆ అతుకుల మధ్యలోంచే లోపలికి వెళ్లాలి. ఆ గ్యాస్ ప్రెజర్ వల్ల లివర్ కోసేటప్పుడు సిరల నుంచి కారే రక్తం కూడా తగ్గుతుంది. మూడో సెగ్మెంట్ అంటే ల్యాప్రోస్కోపీకి చాలా అనుకూలమైన చోటు, ఎడమ చివరి భాగం తీయడానికి ల్యాప్రోస్కోపీ మామూలు పద్ధతి కింద ఒప్పుకోవచ్చని 2008లోనే అమెరికాలోని లూయీవిల్‌లో కూర్చున్న లివర్ సర్జన్లు తేల్చారు.

లివర్ గట్టిపడ్డవాళ్లలో ఇంకో లాభం ఉంది, జనం దీని గురించి తక్కువ మాట్లాడతారు, నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే పెద్దది. సిరోసిస్ ఉన్నప్పుడు లివర్‌లోంచి సరిగ్గా వెళ్లలేని రక్తం పొట్ట గోడలో, లివర్‌ని పట్టి ఉంచే తెరల్లో చిన్న చిన్న పక్కదారులు చేసుకుంటుంది. పెద్ద కోత పెడితే ఆ దారులన్నీ తెగుతాయి, ఆపరేషన్ తర్వాత కడుపులో నీరు చేరడానికి అదొక కారణం. చిన్న రంధ్రాలైతే అవి చాలావరకు మిగులుతాయి, లివర్‌ని అటూ ఇటూ తిప్పి నలపడం కూడా తక్కువ, అందుకే నీరు చేరడం, లివర్ నీరసించడం తక్కువగా కనిపిస్తాయి. కోత చిన్నది కాబట్టి నొప్పి తక్కువ, ఊపిరి గట్టిగా తీసుకోగలరు, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోదు, తర్వాతెప్పుడో కోత దగ్గర ఉబ్బి హెర్నియా వచ్చే బాధ తక్కువ. ఇంక పైన గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఈసారి కీహోల్‌లో చేస్తే కొత్త అతుకులు తక్కువ పడతాయి, రేపు మూడోసారి గడ్డ వచ్చినా, మార్పిడి చేయాల్సి వచ్చినా ఆ సర్జన్‌కి పని సులువవుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే జబ్బులో ఈ ముందుచూపు చాలా అవసరం.

మరి క్యాన్సర్ మాటేంటి, చిన్న రంధ్రాల్లోంచి తీస్తే సరిగ్గా పోతుందా, ఎక్కువ కాలం బతుకుతారా? ప్రపంచంలో 42 సెంటర్ల నుంచి, రెండోసారి లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయిన 1582 మంది రికార్డులు తీసి 2020లో ఒక పెద్ద పోలిక వేశారు. ఒకేలాంటి పేషెంట్లని జతలుగా పెట్టి చూస్తే కీహోల్‌లో రక్తం తక్కువ పోయింది, టైమ్ కాస్త ఎక్కువ పట్టింది, కాంప్లికేషన్లు, బతికిన కాలం మాత్రం రెండిట్లో దాదాపు సమానం. ఇక్కడ మీకు నిజం చెప్పాలి, ఇలాంటి పోలికల్లో చాలావరకు వెనక్కి తిరిగి రికార్డులు చూసి చేసినవే, సులువైన గడ్డలు కీహోల్‌కి, కష్టమైనవి ఓపెన్‌కి వెళ్లడం సహజం కాబట్టి కీహోల్ కాస్త అందంగా కనపడుతుంది, జతలు కట్టినా ఆ తేడా పూర్తిగా పోదు. లాటరీ వేసి చేసిన మంచి అధ్యయనం వేరే జబ్బులో ఉంది, పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకినవాళ్లు 280 మందిని నార్వేలోని ఓస్లోలో చూశారు, కాంప్లికేషన్లు కీహోల్‌లో 19 శాతం, ఓపెన్‌లో 31 శాతం, బతికిన కాలం మాత్రం రెండిట్లో ఒకటే. అది వేరే జబ్బు, అందులో సిరోసిస్ గొడవ లేదు, అయినా రంధ్రాల్లోంచి తీస్తే క్యాన్సర్ మిగిలిపోతుందన్న భయం అక్కర్లేదని చెప్పడానికి పనికొస్తుంది.

అంటే కీహోల్ చేయిస్తే నాన్న ఎక్కువ కాలం బతుకుతారు అని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఓపెన్ చేస్తేనే క్యాన్సర్ పూర్తిగా పోతుంది అని చెప్పినా నమ్మకండి. బతికే కాలాన్ని తేల్చేది గడ్డ చుట్టూ కాస్త మంచి లివర్‌తో సహా శుభ్రంగా తీశారా, ఎక్కువ రక్తం పోకుండా తీశారా, మిగిలిన లివర్ సరిపోతుందా, వైరస్ అదుపులో ఉందా, ఇవి. రంధ్రాలా కోతా అనేది లేచి తిరిగే రోజుల్ని తేలుస్తుంది, నీరు చేరడాన్ని, నొప్పిని తేలుస్తుంది. అదేం చిన్న విషయం కాదు, మంచం మీద పడుకునే ఆయనకి అది చాలా పెద్ద విషయం.

కాబట్టి, మీరు రాసిన వివరాలే నిజమైతే, గడ్డ ఒక్కటే అయితే, ఎండోస్కోపీలో పెద్ద తేడా లేకపోతే, నేను ల్యాప్రోస్కోపీ వైపే మొగ్గుతాను. ఒకే ఒక్క షరతు, ఆ సర్జన్‌కి లివర్ ల్యాప్రోస్కోపీ, అదీ ఒకసారి కోసిన కడుపులో చేయడం బాగా అలవాటై ఉండాలి. పిత్తాశయం రాళ్లు కీహోల్‌లో తీయడం వేరు, ఇది వేరు. మొహమాటం లేకుండా అడగండి, సార్ మీరు ఇప్పటికి ఇలా రెండోసారి లివర్ ఆపరేషన్లు కీహోల్‌లో ఎన్ని చేశారు, ఎన్నిట్లో మధ్యలో ఓపెన్‌కి మార్చాల్సి వచ్చింది, ఆపరేషన్ టైమ్‌లో లోపల అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారా అని. చివరి ప్రశ్న ముఖ్యం, కీహోల్‌లో చేత్తో తడమడం కుదరదు కదా, లోపల దాక్కున్న ఇంకో చిన్న గడ్డ ఉందేమో ఆ అల్ట్రాసౌండే చెప్పాలి. ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబిచ్చేవారి దగ్గర చేయించండి. మీకు అందుబాటులో అలాంటి అనుభవం ఉన్నవాళ్లు లేకపోతే, ఓపెన్ బాగా చేసే సర్జన్ చేతిలో ఓపెన్ చేయించడమే వెయ్యి రెట్లు నయం.

ఒకవేళ కీహోల్‌లో మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కి మార్చారనుకోండి, అయ్యో ఫెయిల్ అయింది అని బయట కుర్చీల్లో కూర్చుని ఏడవకండి. అతుకులు మరీ గట్టిగా ఉన్నాయనో, రక్తం ఆగట్లేదనో టైమ్‌కి మార్చడం తెలివైన పని, మార్చకుండా పట్టుదలకి పోయే సర్జన్‌ని చూసే భయపడాలి. అనుమతి కాగితం మీద సంతకం పెట్టేటప్పుడే ఇది ఒక అవకాశం అని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

రోబో గురించి తమ్ముడికి చెప్పండి, రోబో దానంతటది చేయదు, సర్జనే పక్కన కూర్చుని చేతులు కదుపుతాడు, అదీ రంధ్రాల ఆపరేషనే. మూలల్లో ఉన్న గడ్డలకి, లోపల సన్నగా కుట్లు వేయాల్సి వచ్చినప్పుడు దానితో సౌకర్యం ఉంది. అంచున ఉన్న 2.4 సెంటీమీటర్ల గడ్డకి దాని కోసం లక్షలు ఎక్కువ పెట్టాల్సిన అవసరం నాకు కనపడట్లేదు, డల్లాస్ నుంచి డబ్బు పంపే స్తోమత ఉన్నా సరే, ఆ డబ్బు తర్వాత మూడు నెలలకోసారి స్కానింగ్‌లకి దాచమనండి. ఖర్చు సంగతికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు, ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి ఈ ఆపరేషన్‌కి అనుమతి వస్తుందా, కీహోల్‌లో వాడే స్టేప్లర్లు లాంటివి ప్యాకేజీలోకి వస్తాయా, బయట కట్టాలా అని అడ్మిట్ అవ్వకముందే తేల్చుకోండి.

మీ మేనత్త గారి భయం నాకు అర్థమవుతుంది, తోడబుట్టినవాడి మీద ప్రేమ అది. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట ఎక్కడ పుట్టిందంటే, బాగా ముదిరాక ఆపరేషన్‌కి వచ్చి, తర్వాత కొన్నాళ్లకి పోయినవాళ్లని చూసి జనం అలా అనుకున్నారు. పాకేది కత్తి వల్ల కాదు, ఆలస్యం వల్ల. గడ్డని చీల్చకుండా చుట్టూ మంచి భాగంతో కోసి, సంచిలో పెట్టి బయటికి తీస్తారు, లోపల చిందకుండా. ఆమెకి 2022 గుర్తు చేయండి, అప్పుడు కత్తి పెట్టబట్టే కదా ఈ మూడేళ్లు ఆయన మిర్చి పండించింది. నాటు మందు విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను, పసరు మందులు తాగి లివర్ దెబ్బతిని కామెర్లతో వచ్చినవాళ్లని ప్రతి లివర్ వార్డులో చూస్తాం, ఉన్న లివర్‌ని కాపాడుకోవాల్సిన మనిషికి అవి ఇవ్వద్దు. సారా, కల్లు ఏదీ వద్దు. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కొని మింగనివ్వద్దు, కిడ్నీల మీద పడుతుంది.

జనవరి కోత గురించి ఆయన అడిగింది నాకు బాగా నచ్చింది, బతుకు మీద ఆశ ఉన్నవాళ్లే అలా అడుగుతారు. కీహోల్‌లో అంతా సవ్యంగా జరిగితే నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు, ఓపెన్ అయితే వారం నుంచి పది రోజులు. కీహోల్ అయితే మూడు నాలుగు వారాలకి, ఓపెన్ అయితే రెండు నెలలకి మెల్లగా పనుల్లోకి రావచ్చు. కళ్లంలో కూర్చుని కూలీలకి చెప్పడం, మిర్చి ఆరబెట్టింది చూసుకోవడం చేయొచ్చు, బస్తా ఎత్తడం మాత్రం ఏ పద్ధతిలో చేయించినా సర్జన్ సరే అనేదాకా వద్దు. పప్పు, గుడ్లు, పెరుగు బాగా పెట్టండి, రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా కాస్త తిననివ్వండి, లివర్ జబ్బులో ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే కండ కరిగిపోతుంది. ఉప్పు తగ్గించండి, ఊరగాయలు కొన్నాళ్లు దూరం పెట్టండి. ఆపరేషన్ అయ్యాక మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ, ఆ తర్వాత ఆరు నెలలకోసారి, బాగున్నా సరే ఆపకూడదు, ఇప్పుడు చిన్నగా ఉండగానే దొరికింది కూడా స్కానింగ్ తీయబట్టే.

ఇంకొక్క పని, ఇది మీ అందరికీ. హెపటైటిస్ బీ తల్లి నుంచి బిడ్డకి, రక్తం ద్వారా, భార్యాభర్తల మధ్య అంటుతుంది. కలిసి కంచంలో తింటే అంటదు, ఆయన్ని వేరుగా కూర్చోబెట్టకండి. కానీ అమ్మగారు, మీరు, తమ్ముడు, మేనత్త గారు అందరూ హెచ్‌బీఎస్ఏజీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. వైరస్ లేకపోతే, రక్షణ కూడా లేదని తేలితే మూడు డోసుల టీకా వేయించుకోండి, ఉంటే ఇప్పుడే లివర్ డాక్టర్‌కి చూపించుకోండి, గడ్డ వచ్చాక తెలిసే పరిస్థితి మీకు రాకూడదు. మేనత్త గారిని ముఖ్యంగా వదలద్దు, ఇద్దరికీ ఒకే తల్లి కాబట్టి ఆమెకీ పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు, ఆ వయసులో లక్షణాలేవీ లేకుండానే ఉంటుంది. తమ్ముడు డల్లాస్‌లో తన డాక్టర్ దగ్గరే చేయించుకోవచ్చు. నాన్నగారి డీఎన్ఏ టెస్ట్‌కి రక్తం ఇవ్వడానికి వెళ్లిన రోజే మీరూ అమ్మగారూ చేతులు చాపి ఇచ్చేసి రండి, ఇంకో రోజు అనుకుంటే అలా వెనకబడిపోతుంది.